‘యాక్సెస్ ఇవ్వండి’ అంటే ఎవరిస్తారు?

సంపాదకులకు నమస్కారం.

మీ ఉద్యోగాల పేజీలో ఏ కోర్సు చదవాలి, ఇంటర్వ్యూలో ఏం చెప్పాలి అన్నవి తరచూ వస్తుంటాయి. ఉద్యోగం దొరికిన మొదటి వారంలోనే ఎదురయ్యే ఒక పని గురించి మాత్రం ఎక్కడా రాయరు. కంపెనీ సర్వర్లలోకి కమాండ్ లైన్‌ (ఆదేశాలు టైపు చేసి యంత్రాన్ని నడిపే నల్ల తెర) నుంచి వెళ్లడానికి అనుమతి అడగడం. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం ఊళ్లలో ఇంటి దగ్గరే కూర్చుని విశాఖ, హైదరాబాద్, భువనేశ్వర్ కంపెనీలకు పనిచేస్తున్న తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు. ఆఫీసులో ఉన్నవాడు అడ్మిన్ బల్ల దగ్గరికి నడిచి వెళ్లి రెండు మాటల్లో తేల్చుకుంటాడు. వీళ్లకి ఆ వీలు లేదు, కంపెనీ సిస్టమ్‌లో పెట్టే అభ్యర్థన పేరు టికెట్, ఆ టికెట్‌లో రాసిందే వీళ్ల మాట. అందుకే ఈ ఉత్తరం.

అనుమతులిచ్చే వైపు పనిచేసేవాళ్లం మేము. వచ్చే టికెట్లలో ఎక్కువ భాగం ఒకటే వాక్యం: ‘సర్వర్ యాక్సెస్ ఇవ్వండి, అర్జెంటు.’ ఇంకాస్త మర్యాదస్తులు ‘కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్’ అని చేరుస్తారు. ఆ నీడ్ ఏమిటో మాత్రం ఉండదు. ఏ సర్వరో తెలియదు, ఎందుకో తెలియదు, ఎన్నాళ్లో తెలియదు. దాన్ని తిప్పి పంపితే అడ్మిన్లకి పొగరంటారు. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి గారు పోరాడిన ఊరు పర్లాకిమిడి. ఆ ఊరి వాళ్లు కూడా టికెట్ దగ్గరికొచ్చేసరికి గ్రాంథికపు ఇంగ్లిష్‌లోకి పోవడం మాకు వింతే. నోటితో చెప్పినట్టే రాస్తే సగం తిరుగుటపాలు తగ్గుతాయి.

కమాండ్ లైన్ అనగానే అడ్మిన్ ఎందుకు వెనక్కి తగ్గుతాడో ముందు తెలుసుకోవాలి. వెబ్ పేజీలో ఉన్న బటన్లే నొక్కగలరు, డిలీట్ నొక్కినా ‘నిజంగానా?’ అని ఒకసారి అడుగుతుంది. నల్ల తెర అలా అడగదు. తుడిచే ఆర్‌ఎం కమాండ్‌లో ఫైల్ పేరుకీ నక్షత్రం గుర్తుకీ మధ్య పొరపాటున ఒక ఖాళీ పడితే చాలు, ఆ ఫోల్డర్‌లో కనబడే ఫైళ్లన్నీ పోతాయి. చెత్తబుట్టలోకి వెళ్లవు, పోతాయి. పైగా ఒక స్క్రిప్టు వెయ్యి పనులు ఒక్క నిమిషంలో చేస్తుంది, మంచివైనా చెడ్డవైనా. కాబట్టి మీ టికెట్ చదివేటప్పుడు అడ్మిన్ మనసులో ఉండే ప్రశ్న మీరు మంచివారా కాదా అన్నది కాదు. రేపు మీ లాప్‌టాప్ రైల్లో పోతే దొంగ ఎంత దూరం వెళ్లగలడు అన్నది. ఆ ప్రశ్నకి టికెట్‌లోనే జవాబుంటే సంతకం త్వరగా పడుతుంది.

ఒక నమూనా ఇస్తున్నాం. ఇందులోని మాటలు అలాగే ఉండనక్కర్లేదు, విషయాలు ఉంటే చాలు. లాగులంటే సర్వర్ తన పనులు రాసుకునే చిట్టా. వీపీఎన్ అంటే కంపెనీ నెట్‌వర్క్‌లోకి వెళ్లే రహస్య దారి, జంప్ సర్వర్ అంటే లోపలి యంత్రాలకి ముందుండే గుమ్మం. కీ అంటే పాస్‌వర్డ్ బదులు వాడే జంట ఫైళ్లు, ఈడీ25519 దాని రకం, ఫింగర్‌ప్రింట్ దాన్ని పోల్చుకునే చిన్న గుర్తు.

‘యంత్రం: ఆర్డర్ల సర్వర్, రెండో నంబరుది. ఖాతా: నా పేరు మీదే కావాలి, ఉమ్మడిది వద్దు. పని: ఆర్డర్ సర్వీసు లాగులు చదవడం, అవసరమైతే ఆ ఒక్క సర్వీసును రీస్టార్ట్ చేయడం. ఫైళ్లు మార్చను, డేటాబేస్ జోలికి వెళ్లను. కారణం: రాత్రి 11 దాటాక బిల్లులు ఆగిపోతున్నాయి. వెబ్ పేజీలో చివరి 200 వరుసలే కనబడుతున్నాయి, తప్పు అంతకన్నా పైన ఉంటోంది. గడువు: ఈ సోమవారం నుంచి శుక్రవారం సాయంత్రం 7 దాకా. దారి: కంపెనీ వీపీఎన్, అక్కణ్నుంచి జంప్ సర్వర్. కీ: ఈడీ25519, పబ్లిక్ భాగం జత చేశాను, ఫింగర్‌ప్రింట్ కింద ఉంది. ఆర్డర్ల సర్వర్ బాధ్యులు ఒప్పుకున్న మెయిల్ కూడా జత చేశాను.’

ఇందులో అసలు పనిచేసే వాక్యం ‘చివరి 200 వరుసలే కనబడుతున్నాయి’ అన్నది. ఆ వెబ్ పేజీలోనే చూసుకోవచ్చు కదా అని అడ్మిన్ అడగబోయే ప్రశ్నకి అది ముందే జవాబు చెప్పేసింది. చివరి వాక్యం కూడా గట్టిదే. మీ టీమ్ లీడ్ ఒప్పుకుంటే సరిపోదు, ఆ సర్వర్‌కి బాధ్యులెవరో వాళ్లు ఒప్పుకోవాలి. చాలామంది లీడ్‌ని కాపీలో పెట్టి అనుమతి వచ్చేసిందనుకుంటారు. సమాచార సాంకేతిక చట్టం 2000, 43వ సెక్షన్ కూడా యజమాని గానీ, ఆ కంప్యూటర్‌కి బాధ్యుడు గానీ అనుమతించాలనే అంటుంది. దురుద్దేశంతో ఆ సెక్షన్‌ని ఉల్లంఘించి లోపలికి వెళితే 66వ సెక్షన్ కింద 3 ఏళ్ల దాకా జైలు, 5 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఎవరినీ భయపెట్టడానికి చెప్పడం లేదు. నోటిమాటగా ‘వెళ్లి చూడవోయ్’ అన్న లీడ్ తర్వాత ఆ మాట మరిచిపోవచ్చు, టికెట్ మరిచిపోదు.

ఇక కీ సంగతి. ఎక్కువ పొరపాట్లు ఇక్కడే. విండోస్ 10, 11లో ఇప్పుడు ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలోని సర్వర్‌లోకి భద్రంగా వెళ్లే ప్రోగ్రామ్) చాలావరకు సిస్టమ్‌తోనే వస్తోంది, వేరే సాఫ్ట్‌వేర్ వెతకనక్కర్లేదు. పవర్‌షెల్ (విండోస్ కమాండ్ లైన్) తెరిచి ఎస్‌ఎస్‌హెచ్ కీజెన్ కమాండ్‌కి రకం ఈడీ25519 అని చెబితే రెండు ఫైళ్లు పుడతాయి. పాస్‌ఫ్రేజ్ (కీకి వేసే రహస్య పదం) అడిగినప్పుడు ఖాళీగా ఎంటర్ కొట్టకండి. లాప్‌టాప్ పోయిన రోజున మీకూ దొంగకీ మధ్య ఉండేది అదొక్కటే. రెండు ఫైళ్లలో పేరు చివర చుక్క, పబ్ అని ఉన్నదే బయటికి పంపేది. తెరిచి చూస్తే ఒకటే వరుస, ‘ఎస్‌ఎస్‌హెచ్-ఈడీ25519’ అని మొదలవుతుంది. ‘బిగిన్ ఓపెన్ఎస్‌ఎస్‌హెచ్ ప్రైవేట్ కీ’ అని మొదలైతే అది మీ ఇంటి తాళంచెవి, టికెట్‌లోకి ఎక్కనివ్వకండి. తొందరలో అదే పంపేశారనుకోండి, మెసేజ్ డిలీట్ చేసి ఊరుకుంటే లాభం లేదు. ఆ కీ చచ్చిపోయిందనుకుని కొత్తది చేసుకోండి, పాతదాన్ని తీసేయమని అదే గంటలో చెప్పండి. చెప్పినవాణ్ని ఏ అడ్మినూ తిట్టడు. దాచినవాడి సంగతి వేరు.

పబ్లిక్ కీని వాట్సాప్‌లో పెడితే కాపీ చేసేటప్పుడు మధ్యలో వరుస విరగొచ్చు. సర్వర్‌కి కావలసింది ఒకటే వరుస, విరిగితే ఆ కీ లేనట్టే లెక్క. పుట్టీ అనే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామ్ వాడేవాళ్లకి ఇంకో చిక్కుంది. దానికి కీలు పుట్టించే పుట్టీజెన్‌లో ‘సేవ్ పబ్లిక్ కీ’ నొక్కితే వచ్చే ఫైల్ నాలుగైదు వరుసల వేరే రూపంలో ఉంటుంది, దాన్ని లినక్స్ సర్వర్ ఒప్పుకోదు. ఆ బటన్ జోలికి పోకుండా పైన పెట్టెలో కనబడే వరుసను మొత్తం ఎంచుకుని కాపీ చేయాలి. ఆ పెట్టె చిన్నది, కిందికి జరిపితే గాని చివర కనబడదు, అందుకని తోక తెగిన కీలు కూడా వస్తుంటాయి. పంపాక ఫింగర్‌ప్రింట్‌లో చివరి 6 అక్షరాలు ఫోన్‌లో చదివి వినిపించండి. అందులో షా256 అన్న మాట తర్వాత వచ్చేది 43 అక్షరాలు, అన్నీ చదవనక్కర్లేదు. దారిలో ఎవరైనా మార్చారా, అసలు మీరే పంపారా అన్నది ఆ అరనిమిషం ఫోన్‌తో తేలిపోతుంది.

అనుమతి వచ్చింది, అయినా లోపలికి వెళ్లడం లేదు. అప్పుడు ‘పని చేయట్లేదు సార్’ అని రాయకండి. తెర మీద వచ్చిన మాట ఏదో దాన్నిబట్టి ఏ గుమ్మం దగ్గర ఆగారో తెలుస్తుంది. ‘కనెక్షన్ టైమ్డ్ అవుట్’ అంటే సాధారణంగా మీ మాట అక్కడిదాకా చేరలేదు. వీపీఎన్ పడిపోయిందో, ఫైర్‌వాల్ (నెట్‌వర్క్ కాపలాదారు) చప్పుడు చేయకుండా పారేస్తోందో చూడాలి, అది నెట్‌వర్క్ వాళ్ల పని. ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అంటే ఎక్కువగా యంత్రం దొరికింది గానీ ఆ పోర్టులో (నంబరున్న ద్వారంలో) వినేవాళ్లు లేరు. ఎస్‌ఎస్‌హెచ్ మామూలుగా 22లో ఉంటుంది, చాలా కంపెనీలు మారుస్తాయి, నంబరు అడగండి. ‘పర్మిషన్ డినైడ్, పబ్లిక్‌కీ’ అంటే గుమ్మం దాకా వెళ్లారు, తాళంచెవి పట్టలేదు. మూడింటికీ ముగ్గురు వేరే మనుషులు. టికెట్ తప్పు చోటికి వెళితే రెండు రోజులు అక్కడే కూర్చుంటుంది.

తాళంచెవి పట్టకపోవడానికి కారణాలు కూడా ఎప్పుడూ అవే. యూజర్ పేరు ఇవ్వకపోతే మీ లాప్‌టాప్ ఖాతా పేరుతోనే సర్వర్ దగ్గరికి వెళుతుంది. ఇంట్లో పిలిచే పేరుతో విండోస్ ఖాతా పెట్టుకున్నవాళ్లకి ఇది మామూలే. సర్వర్‌లో చుక్క ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌కి 700, అందులోని ఆథరైజ్డ్ కీస్ (అనుమతించిన కీల జాబితా) ఫైల్‌కి 600 అనుమతి అంకెలు పెట్టాలి, అంటే యజమాని తప్ప మామూలు వాడుకరులు ముట్టుకోలేరు. హోమ్ ఫోల్డర్‌లో ఇతరులు రాయగలిగేలా ఉన్నా సర్వర్ ఆ కీని పట్టించుకోదు. కారణం మీకు చెప్పదు, తన లాగులో రాసుకుంటుంది. మీ వైపు ప్రైవేట్ కీ ఫైల్‌కి కూడా 600 ఉండాలి. పెన్‌డ్రైవ్ నుంచి ఎత్తుకొచ్చిన కీకి 644 (ఇతరులూ చదవగలిగే అంకె) ఉండి ‘టూ ఓపెన్’ అని మొండికేస్తుంది. విండోస్‌లోనే లినక్స్ నడిపేవాళ్లు కీని సీ డ్రైవ్‌లో ఉంచితే అక్కడ అనుమతులు మార్చే ఛ్‌మాడ్ కమాండ్ మామూలుగా అంటుకోదు, లినక్స్ హోమ్‌లోకి కాపీ చేసుకుని అక్కడ మార్చాలి. ఒకే లాప్‌టాప్‌లో ఏడెనిమిది కీలున్నవాళ్లకి ‘టూ మెనీ ఆథెంటికేషన్ ఫెయిల్యూర్స్’ వస్తుంది. సర్వర్ మామూలుగా 6 ప్రయత్నాలే ఇస్తుంది, అసలు కీ వంతు వచ్చేలోగా అవి అయిపోతాయి. మీ ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్ ఫైల్‌లో ఏ కీనో రాసి, ఐడెంటిటీస్ ఓన్లీ యెస్ అని పెడితే సరి. ఏదీ తేలకపోతే కమాండ్‌కి మూడు ‘వి’లు తగిలించి వచ్చినదంతా టికెట్‌లో అతికించండి. ఆ గజిబిజి మీకు అర్థం కాకపోయినా చదివేవాళ్లకి అందులో ముప్పావు జవాబు ఉంటుంది.

‘హోస్ట్ ఐడెంటిఫికేషన్ హ్యాజ్ ఛేంజ్డ్’ అని పెద్దక్షరాల్లో వస్తే మాత్రం ఆగండి. నోన్ హోస్ట్స్ అనే, ఇదివరకు చూసిన సర్వర్ల జాబితాలో ఆ వరుస తీసేస్తే పోతుందని ఎవరో ఒకరు చెబుతారు. పోతుంది, నిజమే. కానీ సర్వర్‌ని కొత్తగా కట్టారా, లేక మధ్యలో ఎవరైనా కూర్చున్నారా అన్నది అడ్మిన్‌ని అడిగాకే తీయాలి.

మన సరిహద్దు ఊళ్లకి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. అది టికెట్‌లో రాయకపోవడం వల్ల మంచి అభ్యర్థనలు కూడా బోల్తా పడుతున్నాయి. పర్లాకిమిడిలో కూర్చుంటే ఫోన్ ఒకపూట ఒడిశా టవర్‌ని, ఇంకోపూట పాతపట్నం వైపు ఆంధ్రా టవర్‌ని పట్టుకోవచ్చు. దాంతో బయటికి కనబడే ఐపీ (నెట్ చిరునామా) మారొచ్చు. అటు భద్రతా విభాగం తెర మీద ఇతను పొద్దున భువనేశ్వర్‌లో, పది నిమిషాలకి విశాఖలో అని పడి ఖాతా లాక్ అవుతుంది. కదలకుండా వాడు కుర్చీలోనే ఉంటాడు పాపం. అందుకని ‘నా ఐపీని అనుమతించండి’ అని అడగడం దండగ. మొబైల్ డేటాలో ఆ ఐపీ మీదొక్కరిదే కాదు, అదే కంపెనీ సిమ్ వాడే ఎందరో దాని వెనకే ఉంటారు. దాన్ని అనుమతిస్తే వాళ్లందరినీ అనుమతించినట్టే, తెలిసిన అడ్మిన్ ఎవరూ చేయరు. వీపీఎన్ అడగండి. ‘ఇంట్లో ఫైబర్, అది పోతే మొబైల్ హాట్‌స్పాట్, సరిహద్దులో ఉండటం వల్ల రెండు సర్కిళ్ల ఐపీలు కనబడొచ్చు’ అని ముందే ఒక వరుస రాయండి.

కరెంటు సంగతి చెప్పనక్కర్లేదు. లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుంది, గోడకున్న ఫైబర్ పెట్టెకి ఉండదు. అది ఆరిన క్షణాన సర్వర్‌లో సగం నడిచిన పని కూడా తెగొచ్చు. డేటా ఒకచోటి నుంచి ఇంకోచోటికి తరలిస్తున్నప్పుడు అలా తెగితే ఎక్కడిదాకా వెళ్లిందో వెతుక్కోవడమే పెద్ద పని. సర్వర్‌లో టీమక్స్ అనే ప్రోగ్రామ్ ఉందా అని అనుమతి అడిగేటప్పుడే కనుక్కోండి. అందులో మొదలుపెట్టిన పని మీరు తెగిపోయినా నడుస్తూనే ఉంటుంది, తిరిగొచ్చి అతుక్కోవచ్చు. ఊరికే చూస్తూ కూర్చుంటే లైన్ ఊడిపోతోందంటే కాన్ఫిగ్‌లో సర్వర్ అలైవ్ ఇంటర్వల్ 60 పెట్టండి. నిమిషానికోసారి పలకరిస్తుంటే మధ్యలో ఉన్న పెట్టెలు మరిచిపోవు.

క్లౌడ్ మీద పనిచేసేవాళ్లకి దారి వేరు. కొన్ని టూళ్లకి టెర్మినల్‌లో (కమాండ్ లైన్ తెరలో) లాగిన్ కొడితే చిన్న కోడ్ ఒకటి చూపించి, బ్రౌజర్‌లో ఫలానా పేజీ తెరిచి కొట్టమంటుంది. ‘ఈ టూల్ మీ కంపెనీ సిస్టమ్‌లను వాడుకోవడానికి అనుమతి కోరుతోంది’ అన్న అర్థం వచ్చే పేజీ తెరుచుకుంటుంది. ఏమేం కోరుతోందో వరుసగా ఉంటుంది, చదివాకే నొక్కండి. చదవడానికి మాత్రమే వచ్చినవాళ్లు రాయడం, తుడవడం కూడా ఒప్పుకుని వస్తున్నారు. ‘అడ్మిన్ అప్రూవల్ కావాలి’ అని వస్తే మీ తప్పేం లేదు, ఆ టూల్‌ని కంపెనీ తరఫున ఇంకా ఎవరూ ఒప్పుకోలేదని. టూల్ పేరు, అది కోరుతున్న హక్కులు, అవే ఎందుకు కావాలో రాసి పంపాలి. ఇంకొక్క మాట, గట్టిగానే చెబుతాం: మీ టెర్మినల్‌లో మీరు పుట్టించని కోడ్‌ని ఎవరు పంపినా ఏ పేజీలోనూ కొట్టకండి. ఐటీ విభాగం నుంచి అంటారు, మీటింగ్‌లో చేరడానికి అంటారు. పేజీ అసలుదే ఉంటుంది, తాళం గుర్తూ అసలుదే, ఓటీపీ కూడా మీకే వస్తుంది. కానీ తలుపు తెరుచుకునేది అవతలి వాడి లాప్‌టాప్‌లో. ప్రోగ్రాములు దాచుకునే సైటు గిట్‌హబ్ అలాంటి కోడ్‌కి 15 నిమిషాల ఆయువే ఇస్తుంది, అందుకే వాళ్లు అంత తొందర పెడతారు.

కంపెనీల వైపు తప్పులు కూడా తక్కువేం కాదు. ‘లాగులు చదవడానికే కదా’ అని ఫైళ్లు చూపించే లెస్, విమ్ ప్రోగ్రాములకి సుడో, అంటే రూట్ (సర్వర్ మీద పూర్తి అధికారమున్న ఖాతా) హక్కుతో నడిపే వీలు, ఇచ్చేస్తుంటారు. ఆ రెండింటి లోపలి నుంచి షెల్‌లోకి, అంటే మళ్లీ కమాండ్ లైన్‌లోకి, దూకొచ్చు. సుడోతో తెరిచారు కాబట్టి దూకినవాడు రూట్ అవుతాడు. చదవడానికైతే ఆ మనిషిని లాగులు చదివే హక్కున్న సిస్టమ్‌డీ జర్నల్ గ్రూపులో చేర్చండి, సుడోతో పనే లేదు. రీస్టార్ట్‌కైతే ఆ ఒక్క సర్వీసు పేరుతో పూర్తి కమాండ్ రాసి దానికే సుడో ఇవ్వండి. అమెజాన్ క్లౌడ్‌లో శాశ్వత యాక్సెస్ కీ బదులు రోల్ (తాత్కాలిక హక్కు) ఇస్తే, వేరే చెప్పకపోతే, గంటకి దానంతటదే చెల్లిపోతుంది. శాశ్వత కీ తప్పనిసరైతే ఒక యూజర్‌కి రెండు దాకా ఉండొచ్చు. రెండోది ఇచ్చింది పాతదీ కొత్తదీ కాసేపు కలిసి నడవడానికి, స్నేహితుడికి ఇవ్వడానికి కాదు.

టికెట్ మూడు రోజులు కదలకపోతే జరిగేది అదే. పక్కవాడి కీ తెచ్చుకుంటారు. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాల ప్రకారం లాగులు 180 రోజులు దాచాలి. ఆ లాగుల్లో అర్ధరాత్రి ఎవరో కొట్టిన కమాండ్ పక్కవాడి పేరు మీదే ఉంటుంది. వాడు ఆ వేళ నిద్రపోతున్నానని ఎలా చెప్పుకుంటాడు? ఆలస్యం చేసే అడ్మిన్లు, అంటే మేమూ, ఇందులో సగం బాధ్యులమే. ఇవ్వలేకపోతే ఇవ్వలేమని, ఎందుకో ఒక వరుసలో ఆ రోజే రాయాలి.

పని అయిపోయాక అదే టికెట్ కింద ‘నా కీ తీసేయండి’ అని రాయండి. గడువు ముగిస్తే దానంతటదే పోతుందని నమ్మకండి, చాలాచోట్ల ఆథరైజ్డ్ కీస్‌లో వరుసను మనుషులే తీయాలి. టూల్‌లో లాగౌట్ కొట్టినా మీ లాప్‌టాప్‌లోది పోతుందేమో గానీ, అవతల ఇచ్చిన టోకెన్ (ప్రవేశపు చీటీ) అన్నిసార్లూ రద్దు కాదు. అది వెబ్ పేజీలోకి వెళ్లి విడిగా రద్దు చేయాలి. తీసేశామని జవాబు వచ్చాక మీరే ఒకసారి లాగిన్ కొట్టి చూడండి. ‘పర్మిషన్ డినైడ్, పబ్లిక్‌కీ’ అని రావాలి. అది వచ్చాకే టికెట్ మూయండి.

– ఇద్దరు సిస్టమ్ అడ్మిన్లు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా